క్లౌడ్ నిండడం వేరు, ల్యాప్‌టాప్ నిండడం వేరు

ప్రశ్న: మాది అచ్చంపేట. అమ్రాబాద్ మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఉగాదికి కొత్త ల్యాప్‌టాప్ కొన్నాం. 256 జీబీ అన్నారు, తెరిచి చూస్తే 237 అని చూపించింది. మూడు నెలలు కూడా తిరగలేదు, సీ డ్రైవ్ గీత ఎర్రగా మారింది. ఇంకోపక్క ‘మీ వన్‌డ్రైవ్ నిండిపోయింది’ అని రోజూ మెసేజ్. ఆ వన్‌డ్రైవ్ నేను పెట్టుకున్నది కాదు. ఫొటోలు ఎట్లాగూ క్లౌడ్‌లో ఉన్నాయి కదా అని పది రోజుల కింద పిక్చర్స్ ఫోల్డర్‌లోంచి చాలా వరకు డిలీట్ చేశాను. తర్వాత ఫోన్‌లో చూస్తే క్లౌడ్‌లో కూడా లేవు. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్ ఫొటోలు అందులోనే ఉన్నాయి. అప్పటి నుంచి ఏది నొక్కాలన్నా టెన్షన్. ఫొటోలు తిరిగి వస్తాయా? జాగా ఎట్లా ఖాళీ చేయాలి? మావారు నెలకింత కట్టి క్లౌడ్ కొందామంటున్నారు. దుకాణం అతనేమో లోపలి డిస్క్ మార్పించుకోమంటున్నాడు. ఏం చేయమంటారు?

– ఒక ఉపాధ్యాయురాలు, అచ్చంపేట

జవాబు: మేడం, ముందు ఫొటోల సంగతి చూద్దాం. జాగా పని నెల ఆగినా నడుస్తుంది, ఫొటోల పని ఆగదు.

వన్‌డ్రైవ్ అంటే మైక్రోసాఫ్ట్ ఇచ్చే క్లౌడ్, అంటే ఇంటర్నెట్‌లో మన ఫైళ్లు దాచుకునే చోటు. అందులో డిలీట్ చేసిన ఫైలు వెంటనే మాయం కాదు. వన్‌డ్రైవ్ వెబ్‌సైట్‌లో దానికి సొంతంగా ఒక రీసైకిల్ బిన్ ఉంటుంది. మీలాంటి వ్యక్తిగత ఖాతాల్లో డిలీట్ చేసినవి అందులో మామూలుగా 30 రోజుల దాకా ఉంటాయి, ఆ తర్వాత వాటంతట అవే పోతాయి. మీరు ఉత్తరం రాసేటప్పటికే పది రోజులు గడిచాయి. ఈ జవాబు చదివేసరికి ఇంకొన్ని రోజులు పోయుంటాయి. ఇంకా గడువుంది కదా అని చివరిదాకా ఆగకండి, ఇవాళే కూర్చోండి.

మొదట కింద గడియారం పక్కన కనిపించే చిన్న మబ్బు గుర్తు నొక్కి, సింక్‌ను (ల్యాప్‌టాప్‌ను, క్లౌడ్‌ను ఒకేలా ఉంచే పనిని) పాజ్ చేయండి. 24 గంటల దాకా ఆపొచ్చు. ఆ తర్వాత డెస్క్‌టాప్ మీద ఉన్న మామూలు రీసైకిల్ బిన్ తెరవండి. ల్యాప్‌టాప్‌లో నిజంగా ఉండి డిలీట్ అయిన ఫొటోలు అందులోనే దొరకాలి. కనిపిస్తే ‘రిస్టోర్’ నొక్కకుండా, వాటిని ఎంచుకుని కట్ చేసి ఒక పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేయండి. రిస్టోర్ చేస్తే మళ్లీ అదే పిక్చర్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి, సింక్ మొదలవగానే మళ్లీ అదే క్లౌడ్‌కు ఎక్కడం మొదలుపెడతాయి. అక్కడ దొరకనివి ఉంటే అప్పుడు బ్రౌజర్‌లో వన్‌డ్రైవ్ తెరిచి, ఎడమ పక్క వరుసలో రీసైకిల్ బిన్ చూడండి. క్లౌడ్‌లో మాత్రమే ఉండి, ల్యాప్‌టాప్‌లో పేరు మాత్రమే కనిపించిన ఫైళ్లు డిలీట్ చేస్తే ల్యాప్‌టాప్ బిన్‌లోకి రావు, అక్కడే ఉంటాయి. వాటిని రిస్టోర్ చేసి, వెబ్‌సైట్ నుంచే డౌన్‌లోడ్ చేసుకుని, అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టండి.

ఈ పని పూర్తయ్యేదాకా జాగా కోసం రీసైకిల్ బిన్ ఖాళీ చేయొద్దు. ల్యాప్‌టాప్ తనంతట తాను సలహా ఇచ్చినా సరే. ఫంక్షన్ ఫొటోలు తీసిన ఫొటోగ్రాఫర్‌కు కూడా ఒక ఫోన్ చేయండి. చాలామంది తీసినవి కొంతకాలం తమ హార్డ్ డిస్క్‌లో ఉంచుతారు, సీజన్ మారగానే కొత్తవాటి కోసం తుడిచేస్తారు. పెళ్లిళ్ల సీజన్ నడుస్తుంటే ఆలస్యం అసలే చేయొద్దు.

ఇప్పుడు అసలు ఏం జరిగిందో చెబుతాను. ఇది అర్థమైతే మిగతా పనులు మీరే చేసుకోగలరు.

ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ, క్లౌడ్‌లో ఒక కాపీ, మొత్తం రెండు ఉన్నాయని మీరు అనుకున్నారు. మీరే కాదు, దాదాపు అందరూ అట్లాగే అనుకుంటారు. సింక్ అంటే అది కాదు. ఒకే బావికి రెండు పక్కల గిలకలు బిగించినట్టు. ఏ పక్క నుంచి తోడినా తగ్గేది అదే బావిలో నీళ్లు. ల్యాప్‌టాప్‌లో డిలీట్ చేస్తే ‘ఇది అక్కర్లేదంట’ అని క్లౌడ్‌కు కబురు వెళ్తుంది, అక్కడి నుంచి ఫోన్‌కు వెళ్తుంది. డిలీట్ చేసేటప్పుడు ‘అన్ని చోట్లా పోతుంది’ అని ఇంగ్లీషులో ఒక చిన్న పెట్టె కూడా వస్తుంది. పనిలో ఉన్నప్పుడు ఎవరం చదువుతాం?

మరి మీరు పెట్టని వన్‌డ్రైవ్ ఎట్లా వచ్చింది? విండోస్ 11 హోమ్ ఉన్న ల్యాప్‌టాప్‌ను మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఇంటర్నెట్ కావాలంటుంది, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కావాలంటుంది. ఆ దారిలోనే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను వన్‌డ్రైవ్‌లో కలిపేసుకునే బ్యాకప్ కూడా మొదలవుతుంది. మన దగ్గర ఈ మొదటి పని చాలాసార్లు దుకాణంలోనే అయిపోతుంది. ‘రెడీ చేసి ఇస్తాం మేడం’ అని వాళ్లే ఖాతా తెరిచి ఇస్తారు. అందుకే ఒక పని తప్పకుండా చేయమని నా మనవి: సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి, అక్కడున్న మెయిల్ మీదేనా కాదా చూడండి. మీదే అయితే దాని పాస్‌వర్డ్ మీకు తెలుసా, దానికి జోడించిన ఫోన్ నంబర్ మీదేనా అన్నది కూడా చూడండి. దుకాణం అతని నంబర్ ఉంటే వెంటనే మార్చండి. అతని మీద అనుమానంతో అనట్లేదు. రేపు పాస్‌వర్డ్ మర్చిపోతే ఓటీపీ అతని ఫోన్‌కు వెళ్తుంది, అప్పటికి అతను ఆ నంబర్ మార్చేసి ఉంటే మీ ఫైళ్లు మీకే అందవు.

ఇక జాగా. మీకు రెండు వేర్వేరు జబ్బులున్నాయి, రెండింటినీ ఒకటే అనుకుని మందు వేస్తున్నారు. ల్యాప్‌టాప్‌లో 237 జీబీ నిండడం ఒకటి. క్లౌడ్‌లో ఉచితంగా ఇచ్చిన 5 జీబీ నిండడం ఇంకొకటి. వన్‌డ్రైవ్ నిండిందన్న మెసేజ్ వచ్చినంత మాత్రాన ల్యాప్‌టాప్ నిండినట్టు కాదు. సీ డ్రైవ్ ఎర్రబడినంత మాత్రాన క్లౌడ్ నిండినట్టూ కాదు.

వన్‌డ్రైవ్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేస్తే ‘ఫ్రీ అప్ స్పేస్’ అని ఒకటి వస్తుంది. ఇది డిలీట్ కాదు. ఫైలును క్లౌడ్‌లో ఉంచి, ల్యాప్‌టాప్‌లో పేరు మాత్రం మిగులుస్తుంది. పక్కన నీలం మబ్బు గుర్తు కనిపిస్తుంది. తెరవాలంటే ఇంటర్నెట్ కావాలి. ఆకుపచ్చ టిక్కు ఉంటే ఫైలు ల్యాప్‌టాప్‌లో కూడా ఉన్నట్టు. నిండుగా ఆకుపచ్చ రంగు నింపిన గుండ్రం మీద తెల్ల టిక్కు ఉంటే, ఎప్పటికీ ల్యాప్‌టాప్‌లో ఉంచమని మనం చెప్పినట్టు. యూట్యూబ్‌లో చాలామంది జాగా కోసం ఈ ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కమని చెబుతారు. నొక్కొచ్చు, తప్పు లేదు. కానీ లెక్కల టీచర్ కాబట్టి మీరే చెప్పండి: క్లౌడ్‌లో పట్టేదే 5 జీబీ అయినప్పుడు, దీనివల్ల ల్యాప్‌టాప్‌లో ఖాళీ అయ్యేది ఎంత? ఎంత కష్టపడ్డా 5 జీబీకి మించదు. 237లో అది ఏ మూలకూ రాదు. డబ్బు కట్టి పెద్ద క్లౌడ్ తీసుకున్నవాళ్లకు పనికొచ్చే సలహా అది, మీకు కాదు.

అసలు జాగా ఎక్కడ పోయిందో ల్యాప్‌టాపే చెబుతుంది. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్. ఆ పేజీ తెరిచి ఒక నిమిషం ఆగితే, ఏ రకం ఫైళ్లు ఎంత తింటున్నాయో గీతలు గీసి చూపిస్తుంది. మీ దాంట్లో పెద్ద గీత వీడియోలదో, డౌన్‌లోడ్స్‌దో అయ్యుంటుందని నా అంచనా. ఫోన్‌లో 4కె నాణ్యతతో తీసిన వీడియో ఒక్క నిమిషానికే వందల ఎంబీ ఉంటుంది. చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిలోని సలేశ్వరం జాతరకు వెళ్లొచ్చిన ఇంట్లో ఎన్ని నిమిషాల వీడియో ఉంటుందో మీకు తెలియంది కాదు. లోయలోకి దిగేటప్పటి నుంచి జలపాతం దాకా తీస్తూనే ఉంటారు, వచ్చాక ఇంట్లో అందరి ఫోన్లలోంచి ఒకే ల్యాప్‌టాప్‌లో వేస్తారు. ఒకే వీడియో వాట్సాప్‌లో వచ్చింది ఒకటి, ఫోన్ నుంచి ఎక్కించింది ఒకటి, డౌన్‌లోడ్స్‌లో ఒకటి. ముందు ఇట్లాంటి రెండో కాపీలు, మూడో కాపీలు తీసేయండి.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి, ఫైళ్లను సైజు ప్రకారం పేర్చుకోండి. పై ఇరవై ఫైళ్లు చూస్తే చాలు, కింద ఉన్న వందల పీడీఎఫ్‌ల జోలికి పోవద్దు. ఒక్కొక్కటి తీసి మీరు మిగిల్చేది ఏమీ ఉండదు, సాయంత్రం మాత్రం గడిచిపోతుంది. ఇన్‌స్టాల్ అయిపోయిన సాఫ్ట్‌వేర్‌ల సెటప్ ఫైళ్లు, జిప్ విప్పేశాక మిగిలిన జిప్‌లు పైనే కనిపిస్తాయి. వాటిని నిశ్చింతగా తీసేయొచ్చు. వాట్సాప్ డెస్క్‌టాప్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి వీడియోల ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. టీచర్ల గ్రూపులు, తల్లిదండ్రుల గ్రూపులు, ఊరి గ్రూపులు అన్నీ ఫోన్‌లో ఎట్లాగూ వస్తున్నాయి. అవే మళ్లీ ల్యాప్‌టాప్‌లో ఎందుకు?

స్టోరేజ్ పేజీలోనే ‘టెంపరరీ ఫైల్స్’ అని ఉంటుంది. విండోస్ అప్‌డేట్ల తర్వాత మిగిలిన చెత్త అక్కడ తీసేయొచ్చు, కొన్నిసార్లు చాలా జీబీలే వస్తాయి. కానీ ఆ వరుసలో ‘డౌన్‌లోడ్స్’ పేరు, ‘రీసైకిల్ బిన్’ పేరు కూడా ఉంటాయి. డౌన్‌లోడ్స్ పెట్టెలో టిక్కు ఎప్పుడూ పెట్టొద్దు. రీసైకిల్ బిన్ టిక్కు ఫొటోలు చేతికి వచ్చేదాకా తీసేసి ఉంచండి. ‘స్టోరేజ్ సెన్స్’ అని ఇంకొకటి కనిపిస్తుంది, అది తనంతట తాను శుభ్రం చేసే ఏర్పాటు. ఆన్‌లో ఉంటే బిన్‌లో 30 రోజులు దాటినవి మామూలుగా తీసేస్తుంది. ప్రస్తుతానికి ఆఫ్ చేసేయండి. తర్వాత ఆన్ చేసుకుంటే మంచిదే, కానీ ఎన్ని రోజులకు ఏది తీసేయాలన్నది చదివి పెట్టుకోండి.

బయట దొరికే ‘క్లీనర్’ సాఫ్ట్‌వేర్‌లు మాత్రం వద్దు మేడం. విండోస్‌లో ఉన్నదే చాలు. ఉచితంగా వేగం పెంచుతామనేవి చాలావరకు ప్రకటనలు, అక్కర్లేని ప్రోగ్రాములు వెంట తెస్తాయి.

256కు 237 ఎందుకు చూపిస్తుందంటే, కంపెనీ ఒక జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తుంది, విండోస్ 1024 × 1024 × 1024 బైట్లుగా లెక్కిస్తుంది. 256 వందల కోట్లను ఆ పెద్ద సంఖ్యతో భాగిస్తే 238 చిల్లర వస్తుంది. ఇంకొంచెం రికవరీ కోసం దాచిపెట్టుకుంటుంది. మోసం ఏమీ లేదు. పదో తరగతి పిల్లలకు ఘాతాంకాలు చెప్పేటప్పుడు ఈ లెక్క ఇచ్చి చూడండి, బాగా పట్టుకుంటారు.

ఇక రెండో జబ్బు, 5 జీబీ. దీనికి మందు జాగా కొనడం కాదు, ఏది క్లౌడ్‌కు వెళ్లాలో మీరు నిర్ణయించడం. ఇప్పుడు డెస్క్‌టాప్ మీద పెట్టిన ప్రతిదీ, డాక్యుమెంట్స్‌లో పడిన ప్రతిదీ వెళ్తోంది. జూమ్‌లో రికార్డు చేసిన పాఠాలు మామూలుగా డాక్యుమెంట్స్‌లోనే చేరతాయి. రెండు మూడు పెద్ద రికార్డింగులు చాలు 5 జీబీలో సగం తినడానికి. మీ మెయిల్ అవుట్‌లుక్‌దో హాట్‌మెయిల్‌దో అయితే ఇంకో ఇబ్బంది ఉంది: ఆ 5 జీబీ నిండితే మెయిళ్లు రావడం, వెళ్లడం కూడా ఆగిపోతుంది. జీమెయిల్ వాడేవాళ్లకు ఈ బాధ లేదు, దాని 15 జీబీ వేరే లెక్క. అయితే అక్కడ మెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ కలిపే 15.

బ్యాకప్ ఆపే ముందు ఒక జాగ్రత్త. వన్‌డ్రైవ్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ‘ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్’ నొక్కండి. సింక్ పాజ్‌లో ఉంటే ముందు తిరిగి మొదలుపెట్టండి. అన్ని ఫైళ్ల పక్కనా నిండు ఆకుపచ్చ గుర్తు వచ్చేదాకా ఆగండి. ఇంట్లో వైఫై ఉన్నప్పుడు చేయండి, మొబైల్ హాట్‌స్పాట్ మీద చేస్తే ఆ రోజు డేటా అయిపోతుంది. ఆ తర్వాత మబ్బు గుర్తు నొక్కి, సెట్టింగ్స్‌లో ‘సింక్ అండ్ బ్యాకప్’, దాంట్లో ‘మేనేజ్ బ్యాకప్’ తెరిచి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ మూడూ ఆఫ్ చేయండి.

ఆఫ్ చేయగానే డెస్క్‌టాప్ బోసిగా కనిపించొచ్చు. గాబరా పడకండి. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపల డెస్క్‌టాప్ అనే ఫోల్డర్‌లోనే ఉన్నాయి. అక్కడి నుంచి మామూలు డెస్క్‌టాప్‌కు, డాక్యుమెంట్స్‌కు కట్ చేసి తెచ్చుకోండి. అట్లా బయటికి తెచ్చినవి క్లౌడ్‌లోంచి పోతాయి. ఈసారి మనకు కావలసింది అదే, ఎందుకంటే ఫైలు మీ ల్యాప్‌టాప్‌లో భద్రంగా ఉంది. క్లౌడ్ గీత తగ్గుతుంది, మెసేజులు ఆగుతాయి.

ఆ తర్వాత వన్‌డ్రైవ్‌లో ఉంచాల్సినవి చిన్నవి, ముఖ్యమైనవి మాత్రమే. సర్టిఫికెట్ల స్కాన్లు, పట్టాదారు పాస్‌బుక్ స్కాన్, మార్కుల జాబితాలు, ప్రశ్నపత్రాలు, పాఠ్య ప్రణాళికలు. ఇవన్నీ కలిపినా ఒక జీబీ దాటవు. ల్యాప్‌టాప్ పాడైనా, పోయినా ఏ ఊళ్లో కూర్చునైనా తెరుచుకోవచ్చు. క్లౌడ్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. బడిలో ప్రొజెక్టర్‌కు వాడే పాఠాల ఫోల్డర్‌కు మాత్రం ఆ నిండు ఆకుపచ్చ గుర్తు ఎప్పుడూ ఉండాలి. మన్ననూరు దాటి నల్లమలలోకి పోతే సిగ్నల్ ఎట్లా ఉంటుందో రోజూ వెళ్లే మీకు నేను చెప్పక్కర్లేదు. నీలం మబ్బు గుర్తున్న పాఠం అక్కడ తెరుచుకోదు, తరగతి అంతా ఎదురుచూస్తూ ఉంటుంది.

ఫొటోలు, వీడియోలు ఎక్కడ పెట్టాలి? ఒక టీబీ (అంటే సుమారు వెయ్యి జీబీ) బయటి హార్డ్ డిస్క్ కొనండి. నా ఓటు దానికే. మీవారు చెప్పిన నెలవారీ క్లౌడ్ చెడ్డదని కాదు. పిల్లలు వేర్వేరు ఊళ్లలో ఉండి అందరూ ఒకే ఫొటోలు చూడాలనుకుంటే, ఇంట్లో మంచి ఫైబర్ నెట్ ఉంటే, అది సుఖమే. కానీ కట్టడం ఆపిన రోజు మీరు మళ్లీ 5 జీబీకి వస్తారు. దానికి మించి ఉన్నవి చూసుకోవచ్చు, దింపుకోవచ్చు, కొత్తవి ఎక్కించలేరు. ఆరు నెలలు దాటి అట్లాగే ఉంటే ఫైళ్లు తీసేయొచ్చని మైక్రోసాఫ్ట్ తన నియమాల్లోనే రాసుకుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లతో మొదటి ఏడాది ఎక్కువ జాగా ఉచితంగా ఇస్తారు. దాన్ని నమ్మి అంతా ఎక్కించినవాళ్లకు ఏడాది తిరగగానే ఇదే పరిస్థితి. అమ్మాయి ఫంక్షన్ ఫొటోలు ఇరవై ఏళ్ల తర్వాత కూడా కావాలి. అంతకాలం ప్రతి నెలా మర్చిపోకుండా కట్టడం మీద వాటిని ఆధారపడనీయొద్దు.

హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించేటప్పుడు కట్ చేయకండి, కాపీ చేయండి. మధ్యలో కరెంటు పోయినా, కేబుల్ కదిలినా ఒరిజినల్ మీ దగ్గరే ఉంటుంది. కాపీ అయ్యాక అటూ ఇటూ ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు సరిచూసుకోండి, నాలుగైదు వీడియోలు హార్డ్ డిస్క్ నుంచే ఆడించి చూడండి. అప్పుడు ల్యాప్‌టాప్‌లోవి తీసేయండి. అయితే ఒక్క హార్డ్ డిస్క్‌లోనే ఉంటే అది కూడా ఒకే కాపీ. అది కింద పడి పాడైతే మళ్లీ ఇదే బాధ. అన్ని వీడియోలకూ రెండో కాపీ అక్కర్లేదు గానీ, ఓణీల ఫంక్షన్ లాంటివి ఇంకో పెన్‌డ్రైవ్‌లో వేసి మీ అమ్మగారింట్లోనో అక్కగారింట్లోనో పెట్టండి. రెండూ ఒకే బీరువాలో వద్దు.

ఫోన్ గురించి ఒక్క మాట. గూగుల్ ఫొటోస్‌లో కూడా ‘ఫ్రీ అప్ స్పేస్’ అనే పేరుతోనే ఒక బటన్ ఉంది. అది క్లౌడ్‌కు ఎక్కిన ఫొటోలను ఫోన్‌లోంచి తీసేస్తుంది. అది నొక్కాక మిగిలేది క్లౌడ్‌లో ఉన్నది ఒక్కటే. తర్వాత గూగుల్ నిండిందని అక్కడ డిలీట్ చేస్తే ఇంకెక్కడా ఉండదు. కాబట్టి ఫోన్ ఖాళీ చేసే ముందు కూడా హార్డ్ డిస్క్‌లోకి ఒకసారి దింపుకోండి.

దుకాణం అతని సలహాకు వద్దాం. లోపలి డిస్క్ (ఎస్‌ఎస్‌డీ) మార్చుకోవడం తప్పేమీ కాదు, కానీ ఇప్పుడే తొందరపడొద్దు. పైన చెప్పినవి చేశాక సీ డ్రైవ్‌లో ముప్పై, నలభై జీబీ ఖాళీగా ఉంటే మీ పనికి 256 సరిపోతుంది. విండోస్ అప్‌డేట్లకు, మామూలు వేగానికి ఆ మాత్రం ఖాళీ ఉంటే చాలు. మూడు నెలల ల్యాప్‌టాప్‌ను వారంటీలో ఉండగా విప్పించేముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి, విప్పితే వారంటీ ఉంటుందా, మీ మోడల్‌లో డిస్క్ మార్చే వీలుందా, ఇంకో డిస్క్ పెట్టే ఖాళీ స్లాట్ ఉందా అని అడగండి. కొన్నింట్లో స్టోరేజ్ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చడం కుదరదు. ఖాళీ స్లాట్ ఉంటే ఉన్నదాన్ని కదపకుండా రెండోది పెట్టించుకోవచ్చు, అది అన్నిటికన్నా మంచిది.

ఎప్పుడు విప్పించినా, దుకాణానికి ఇచ్చేముందు మైక్రోసాఫ్ట్ ఖాతా వెబ్‌సైట్‌లో లాగిన్ అయి మీ ల్యాప్‌టాప్ పేరు కింద రికవరీ కీ (డిస్క్ తాళం తెరిచే అంకెలు) ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెలు ఉంటాయి, కాగితం మీద రాసి పెట్టుకోండి. కొత్త ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటికి డిస్క్ తాళం ముందే వేసి వస్తుంది. లోపల ఏదైనా మారినప్పుడు స్క్రీన్ మీద ఆ అంకెలు అడగొచ్చు. అప్పుడు ఖాతా ఎవరిదో, పాస్‌వర్డ్ ఏమిటో తెలియకపోతే లోపలున్నది బయటికి తీయడం దుకాణం అతని వల్ల కూడా కాదు.